నాట్ల పాట మీద పీహెచ్‌డీ చేద్దామంటే "ఇది సంగీతమా, వైద్యమా?" అంటున్నారు

లంకపిల్ల
ఎమ్మే మ్యూజిక్ అయింది. పీహెచ్‌డీ సీటూ వచ్చింది. టాపిక్ దగ్గర బండి ఆగిపోయింది.

మా అమ్మమ్మకి పోయినేడాది సంక్రాంతి ముందు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు మాట కూడా పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది. బదులు చెప్పాలంటే మాత్రం "అదీ... అదీ..." దగ్గరే ఆగిపోతుంది. దాహమేస్తే నీళ్ళు అని అడగలేక గ్లాసు వైపు చూసి ఏడ్చేది. ఒకరోజు మా అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ ఊరికే ఒక నాట్ల పాట అందుకుంది. మంచం మీద నుంచి అమ్మమ్మ గొంతు కలిపింది. చరణం మొత్తం పాడింది, ఒక్క మాట తప్పలేదు. అమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. పాట అయ్యాక "నీళ్ళు కావాలామ్మా?" అంటే మళ్ళీ "అదీ... అదీ..."

దీని మీదే పని చేస్తానన్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో "రోగులు, ఆస్పత్రి అంటున్నావు, ఇది మాకెందుకు, మెడికల్ కాలేజీకెళ్ళు" అన్నారు. ఒక మెడికల్ కాలేజీకెళ్తే "మ్యూజిక్ వాళ్ళకి వార్డులో ఏం పనమ్మా?" అన్నారు. ఇవతలి రేవు వాళ్ళు అవతలికి, అవతలి రేవు వాళ్ళు ఇవతలికి పొమ్మంటుంటే నది మధ్యలో పంటు (రేవు దాటించే పడవ) మీద నిలబడి ఉన్నాను. ఇలాంటి చదువు ఎక్కడైనా ఉందా? ఎవరైనా చేశారా?

కాకినాడకాజా
పంటు మీదే ఉంటే రానూ పోనూ టికెట్టు కొడతారు, జాగ్రత్త.

సాపాసా
రాగాలతో రోగాలు తగ్గుతాయని మన పెద్దలు ఎప్పుడో చెప్పారండి. నీలాంబరి నిద్రకి, ఆనందభైరవి బీపీకి. నా దగ్గర పూర్తి చార్టు ఉంది, ఏ జబ్బుకి ఏ రాగమో. పెట్టమంటారా?

వార్డుడాక్టరు
వద్దండి. ఆ చార్టు మా ఆస్పత్రి వాట్సాప్ గ్రూపులోకి నెలకోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా ఒక రాగం మారిపోయి ఉంటుంది. నీలాంబరిలో జోలపాటలు ఉన్నమాట నిజమే. వింటే నాకూ నిద్రొస్తుంది. అంతమాత్రాన బీపీ బిళ్ళ మానేస్తే పక్షవాతంతో మా దగ్గరికే వస్తారు.

కాకినాడకాజా
మా ఆయన గురక ఏ రాగమో ఆ చార్టులో ఉందేమో చూసి చెప్పండి సాపాసా గారూ.

సాపాసా
అది రాగం కాదండి, తనియావర్తనం.

మాటలబడి
లంకపిల్ల గారూ, నేను స్పీచ్ థెరపిస్టుని. మీ అమ్మమ్మ గారి పరిస్థితిని అఫేజియా అంటాం, అందులోనూ అర్థమవుతుంది కానీ మాట బయటికి రాని రకం. మాట్లాడలేనివాళ్ళు పాడగలగడం మేం తరచుగా చూస్తాం. చాలామందికి మాటల యంత్రాంగం మెదడు ఎడమవైపు ఉంటుంది. పాట పనిలో కుడివైపుకీ పెద్ద వాటా ఉంది. ఎడమవైపు దెబ్బతిన్నా పాట మిగలడం అందుకే అని మొదట్లో అనుకున్నారు.

ఆ ఆలోచనతోనే 1973లో బోస్టన్ వాళ్ళు మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అనే పద్ధతి రాశారు. పని ఇలా ఉంటుంది. రోజూ అవసరమయ్యే చిన్న మాట తీసుకుంటాం, "నీళ్ళు కావాలి" అనుకోండి. దాన్ని రెండే స్వరాల మీద, ఒకటి కింద ఒకటి పైన, మెల్లగా సాగదీస్తాం. ఒక్కో అక్షరానికి రోగి ఎడమ చేత్తో మంచం పట్టె మీద ఒక్కో తట్టు. ముందు నేను కూనిరాగం తీస్తాను, తర్వాత ఇద్దరం కలిసి అంటాం, తర్వాత మధ్యలో నేను గొంతు తగ్గించేస్తాను, తర్వాత ఆవిడ ఒక్కతే అనాలి. చివరికి "ఏం కావాలి?" అని అడిగితే ఆ మాటే జవాబుగా రావాలి, అప్పటికి స్వరం కరిగిపోయి మామూలు మాట అవ్వాలి. ఇదంతా రోజూ, వారాల తరబడి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పాట పాడటం వేరు, కావాల్సింది అడగటం వేరు. అమ్మమ్మ గారి నోటికి ఆ పాట 50 ఏళ్ళుగా అలవాటు. వారాల పేర్లు, ఒకట్లు, దేవుడి దండకం, తిట్లు, ఇవన్నీ కూడా ఇలాగే మిగులుతాయి.

కాకినాడకాజా
తిట్లు మిగులుతాయంటే మా అత్తగారికి ఏ భయమూ లేదు.

లంకపిల్ల
మాటలబడి గారూ, ఇది చదివి అమ్మకి వినిపించాను. తిట్ల సంగతి నిజం. మొన్న పిల్లి పాలగిన్నె మీదకెళ్తే అమ్మమ్మ దాన్ని అన్న మాట ఇక్కడ రాయలేను, మోడరేటర్ తీసేస్తారు. అంత స్పష్టంగా అంది.

అయితే నాట్ల పాటతో ప్రయోజనం లేదంటారా?

మాటలబడి
లేదని కాదు, ఎక్కడ ఉందో చూడాలి. 2011లో జర్మనీ పరిశోధకులు దీన్ని విడదీసి చూశారు: మేలు స్వరానిదా, లయదా, లేక నోటికి అలవాటైన మాటలదా? వాళ్ళకి పాడటం వల్ల అదనంగా ఏమీ కనబడలేదు. లయకీ, అలవాటైన మాటకీ బలం కనబడింది. దాని మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది. నాట్ల పాటలో ఉన్నవి అవే కదా, వంగి నారు గుచ్చే లయ, వేల సార్లు అన్న మాట. తెలుగులో మన పాటల మీద ఆ విడదీత ఎవరైనా చేస్తే నేను మొదట చదువుతాను. మీ టాపిక్ అక్కడ ఉంది.

ఆత్రేయపురం2అట్లాంటా
చదువు ఎక్కడుందని కదా మొదటి ప్రశ్న. యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలో 1996 నుంచి సెంటర్ ఫర్ ఆర్ట్స్ ఇన్ మెడిసిన్ ఉంది, ఆన్‌లైన్‌లో మాస్టర్స్ కూడా ఇస్తారు. మ్యూజిక్ థెరపీ అయితే ఇంకా పాతది, మిషిగన్ స్టేట్‌లో 1944లోనే కోర్సు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికులతో ఆస్పత్రులు నిండిపోయిన రోజులవి. లండన్‌లో యూసీఎల్‌లో క్రియేటివ్ హెల్త్ అని పీజీ ఉంది. ఫీజులు మాత్రం కొబ్బరితోట అమ్మినా చాలవు.

రావులపాలెంరైతు
కొబ్బరితోట అమ్మితే అప్లికేషన్ ఫారం వస్తుంది.

వార్డుడాక్టరు
అంత దూరం ఎందుకు? పుదుచ్చేరిలో శ్రీ బాలాజీ విద్యాపీఠ్ వాళ్ళ మెడికల్ కాలేజీలోనే మ్యూజిక్ థెరపీ విభాగం ఉంది, పీజీ చదువు ఉంది. మన పక్క రాష్ట్రాలు దాటితే వస్తుంది.

లంకపిల్ల గారి సమస్య వేరు. ఆవిడకి కోర్సు కాదు, కో-గైడ్ కావాలి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లోనే రెండు శాఖలకి చెందిన అంశమైతే వేరే విభాగం నుంచో, వేరే సంస్థ నుంచో కో-గైడ్‌ని పెట్టుకోవచ్చని ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్ళండి. రోగులతో పని కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పదు. సీటీఆర్ఐలో, అంటే రోగులతో చేసే ప్రయోగాల్ని నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీలో, ముందే నమోదు చేయండి. ముందే అంటే మొదటి రోగిని చేర్చుకోకముందు. ఫలితం చూసుకుని నమోదు చేసేవాళ్ళని చాలామందిని చూశాను.

సాపాసా
డాక్టర్ గారికి సంగీతం అంటే పడదని అర్థమైంది.

వార్డుడాక్టరు
సాపాసా గారూ, మా అమ్మ వయొలిన్ టీచరు. అపార్థం చేసుకోకండి.

సంగీతం పనిచేసిన చోట పనిచేసిందనే చెప్తాను. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 73 ట్రయల్స్ కలిపి చూశారు, దాదాపు 7,000 మంది రోగులు. ఆపరేషన్ ముందో, మధ్యలోనో, తర్వాతో సంగీతం విన్నవాళ్ళకి నొప్పి, టెన్షన్ తగ్గాయి, నొప్పి మందు వాడకమూ తగ్గింది. మత్తులో ఉన్నప్పుడు వినిపించినా కొంత తేడా కనబడింది. ఏ రాగం అనే పట్టింపు అక్కడ లేదు.

పనిచేయని చోట్లూ ఉన్నాయి. 2012లో బ్రిటన్‌లో స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందితో గ్రూపు ఆర్ట్ థెరపీ మీద ట్రయల్ చేస్తే మామూలు వైద్యం కన్నా ఎక్కువ మేలు తేలలేదు. 2017లో ఆటిజం ఉన్న 364 మంది పిల్లలతో తొమ్మిది దేశాల్లో మ్యూజిక్ థెరపీ ట్రయల్ జరిగింది, లక్షణాల తీవ్రతలో తేడా రాలేదు. ఈ రెండూ సంగీతమన్నా బొమ్మలన్నా ప్రేమ ఉన్నవాళ్ళు చేసినవే. రాలేదని ఒప్పుకుని అచ్చు వేశారు. నాకు ఆ పని ఇష్టం.

నర్సపురంలేసు
మరి 50 దాటినవాళ్ళు నాటకాలకి, మ్యూజియాలకి వెళ్తుంటే ఎక్కువకాలం బతుకుతారని పేపర్లో వచ్చిందే?

వార్డుడాక్టరు
అది 2019లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇంగ్లండ్‌లో 6,710 మందిని 14 ఏళ్ళు గమనించారు. రెండు మూడు నెలలకోసారైనా వెళ్ళేవాళ్ళలో చావు ప్రమాదం 31 శాతం తక్కువ. డబ్బు, చదువు, ఆరోగ్యం లెక్కలోకి తీసుకున్నాక కూడా. అయినా అది గమనింపే, ప్రయోగం కాదు. నాటకానికి వెళ్ళగలిగినవాడికి మోకాళ్ళు బాగున్నాయి, తోడు వచ్చే మనిషి ఉన్నాడు. ఆ లెక్క ఎంత తీసేసినా కొంచెం మిగిలే ఉంటుంది.

కోలాటంకర్ర
మోకాళ్ళ మాట వచ్చింది కాబట్టి. మా ఊళ్ళో ఆడవాళ్ళ కోలాటం జట్టు ఉంది, 24 మందిమి. సగం మంది 55 దాటినవాళ్ళమే. మూడేళ్ళ కిందట నేను మెట్లెక్కలేకపోయేదాన్ని. ఇప్పుడు రాములవారి కల్యాణానికి రెండు గంటలు ఆడుతున్నాను. మందూ మాకూ ఏమీ మార్చలేదు. దీన్ని ఎవరు రాస్తారు?

ఫిజియోబాబాయ్
అక్కా, సంతోషం. కానీ ఈ మూడేళ్ళలో ఎంత బరువు తగ్గారు?

కోలాటంకర్ర
తొమ్మిది కిలోలు.

ఫిజియోబాబాయ్
చూశారా, మోకాలికి సగం జవాబు అక్కడే ఉంది.

కోలాటాన్ని తీసిపారేయట్లేదండి. పార్కిన్సన్స్ వాళ్ళ కోసం 2001లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక డాన్స్ కంపెనీ క్లాసులు మొదలుపెట్టింది, ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. గుమ్మం దగ్గర కాలు అతుక్కుపోయినట్టు ఆగిపోయేవాళ్ళు తాళం వినబడితే అడుగేస్తారు. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన అంతే. "నడవండి" అంటే కదలరు. నేను రెండు కోలాటం కర్రలు తీసుకుని టక్, టక్ అని కొడితే గుమ్మం దాటేస్తారు. ఆపితే మూడడుగులకి మళ్ళీ ఆగుతారు. తాళం ఆయన నడక వేగానికి దగ్గరగా ఉండాలి. డప్పు వాయించినట్టు కొడితే తడబడి పడతారు. మొదట్లో నేనే అలా కొట్టాను, గోడ అడ్డం ఉండబట్టి సరిపోయింది. గుండ్రంగా తిరిగే ఆట మాత్రం వీళ్ళతో ఆడించొద్దు, పడిపోతారు. కుర్చీ పట్టుకుని, కూర్చుని కర్రలు ఆడిస్తే చాలు.

కోలాటంకర్ర
బాబాయ్, కర్రల కోలాటంలో ఎదుటి మనిషి కర్ర మీద కొట్టాలి. కూర్చున్నా ఎదుట ఒక మనిషి ఉండాలి. అది రాసుకో.

ఫిజియోబాబాయ్
రాసుకున్నానక్కా. అది నాకు తట్టలేదు.

హౌస్‌సర్జన్‌హుష్
మాకు ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి ఏఈటీకామ్ అని పెట్టారు, రోగితో ఎలా మాట్లాడాలి, నడవడిక, అలాంటివి. మొదటి నెల ఫౌండేషన్ కోర్సు కూడా. ఒకరోజు స్కిట్ వేయించారు, చావు కబురు ఎలా చెప్పాలో. నేను కొడుకు వేషం. డాక్టర్ వేషం వేసినవాడు "సారీ అండి" అని ఫోను చూసుకున్నాడు. అందరం నవ్వాం. ఇప్పుడు డ్యూటీలో నిజంగా చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ స్కిట్టే గుర్తొస్తుంది, ఫోను జేబులో పెట్టుకుని వెళ్తాను.

ఇంకోటి. యేల్‌లో వైద్య విద్యార్థుల్ని ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళి బొమ్మల ముందు నిలబెట్టి కనబడింది కనబడినట్టు చెప్పమంటారు. అలా నేర్చుకున్నవాళ్ళు రోగుల ఫొటోల్లో ఎక్కువ సంగతులు పట్టుకున్నారని 2001లో జామా అనే వైద్య పత్రికలో వేశారు. మనకి రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. మా కాలేజీ నుంచి గంటన్నర దారి. ఐదున్నరేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ తీసుకెళ్ళలేదు. పుష్కరఘాట్‌కి మాత్రం మేమే నాలుగుసార్లు పోయాం.

ఆత్రేయపురం2అట్లాంటా
దామెర్ల రామారావు గారు పోయింది మశూచితో, 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే. ఆ బొమ్మల ముందు డాక్టర్లని నిలబెడితే ఆ కబురు కూడా చెప్పాలి.

తందానతాన
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. నాకు 71. బుర్రకథలో హాస్యం వంత నాది. తొంభైలలో ఒక శాఖ వాళ్ళు ఎయిడ్స్ మీద కథ కట్టించి పల్లెలన్నీ తిప్పారు. మధ్య డెల్టా అంతా తిరిగాం. కథకుడు రోగం ఎలా వస్తుందో చెప్తుంటే నేను వెర్రిప్రశ్నలు వేసి నవ్వించాలి. జనం నవ్వేవారు. ఒక ఊళ్ళో కథ అయ్యాక గుమ్మెట విప్పుకుంటుంటే ఒకావిడ వచ్చి, నా మొహం చూడకుండా, "ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు బాబూ?" అని అడిగింది. చెప్పాను. కాకినాడ బస్సు టైము కూడా చెప్పాను. అంతకన్నా పెద్ద చప్పట్లు నాకు ఎక్కడా పడలేదు.

ఆ శాఖ లెక్కల్లో "ప్రదర్శనలు ఇన్ని, హాజరు ఇంత" అని ఉంటుంది. ఆవిడ ఏ గడిలోనూ ఉండదు. మాకు భోజనం పొట్లం, బస్సు చార్జీ ఇచ్చారు. మిగతాది వస్తుందన్నారు. ఇంకా వస్తోంది.

అమ్మాయ్ లంకపిల్లా, నీ పుస్తకంలో పాటలు పాడిన కూలి ఆడవాళ్ళ పేర్లు ఉంటాయా? వాళ్ళకి ఆ రోజు కూలి ఎవరిస్తారు?

లంకపిల్ల
తాతగారూ, ఇది నా ప్రపోజల్‌లో లేదు. "సేకరణ: క్షేత్ర పర్యటన" అని ఒక్క లైను రాసి ఊరుకున్నాను. నాట్లప్పుడు ఒక రోజు పాటలకి పిలిస్తే ఒక రోజు కూలి పోయినట్టే కదా. బడ్జెట్‌లో పెడతాను. పేర్ల సంగతి వాళ్ళనే అడుగుతాను.

వార్డుడాక్టరు
పాడేవాళ్ళ పేర్లు వాళ్ళు ఒప్పుకుంటే వేయండి. రోగుల పేర్లు మాత్రం ఎక్కడా రాకూడదు. రెండిటికీ వేరువేరు అంగీకార పత్రాలు పెట్టుకోండి.

తాతగారి గడి మాట నిజం. నా దగ్గర దానికి జవాబు లేదు.

నర్సపురంలేసు
మా ఇంట్లో లేసు అల్లే ఆడవాళ్ళం ముగ్గురం. క్రోషా సూది పట్టుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మొన్న ఒకావిడ వచ్చి "మీరు చేసేది థెరపీ" అంది. డజనుకి ఎంతొస్తుందో చెప్తే ఊరుకుంది. వారంలో ఆర్డరు ఇవ్వాలంటే మెడ పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి. తీరికగా అల్లేవాళ్ళకి థెరపీ, మాకు పని.

ఫిజియోబాబాయ్
ఆ మెడలు నా దగ్గరికే వస్తాయి. ఇది ఎవరూ కొట్టిపారేయకండి.

కాకినాడకాజా
సరే, ఉద్యోగం సంగతి? ఇది చదివితే పిల్లకి జీతం ఎవరిస్తారు? పెళ్ళిచూపుల్లో ఏం చెప్పాలి, "మా అమ్మాయి పాటల డాక్టరు" అనా?

మాటలబడి
2021లో అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం వచ్చింది. దాని జాబితాలో మూవ్‌మెంట్ థెరపిస్టు అని ఉంది, ఆర్ట్, డాన్స్ థెరపిస్టులని అందులోనే కలిపారు. కాగితం మీద పేరు వచ్చింది. మన జిల్లా ఆస్పత్రుల్లో ఆ పోస్టు నేనింకా చూడలేదు.

సాపాసా
నేనూ ఒకటి ఒప్పుకుంటాను. ఆ చార్టు ఎవరు రాశారో నాకు తెలియదు. మా గురువుగారు పంపారు, ఆయనకి ఎవరో పంపారు. లంకపిల్ల గారూ, నేదునూరి గంగాధరం గారు సేకరించిన జానపద పాటలు చూశారా? చూడకపోతే వాటితో మొదలుపెట్టండి, మన గోదావరి మాటలు ఉన్నది ఉన్నట్టు దొరుకుతాయి. లయకి నొటేషన్ రాయడానికి సాయం కావాలంటే నేను చేస్తాను, చార్టు లేకుండా.

లంకపిల్ల
ఆయ్, తప్పకుండా.

రెండు వారాలయింది, జరిగింది చెప్తాను. యూజీసీ పేజీ పట్టుకెళ్తే మా గైడ్ గారు రెండుసార్లు చదివి, "అయితే డాక్టర్‌ని నువ్వే వెతుక్కో" అన్నారు. న్యూరాలజీ మేడం ఒకరు గంట టైమిచ్చారు. మొదట 12 మందితో చిన్నగా చేయమన్నారు. పాట, లయతో మాట, ఊరికే మాట, మూడూ వేరువేరుగా. మాటలబడి గారు చెప్పిన విడదీతే. నాట్ల పాట టాపిక్ పేరులో ఉండొద్దు, లోపల ఉండొచ్చు అన్నారు. దాని మీద నేనూ మా గైడ్ గారూ ఇంకా పోట్లాడుకుంటున్నాం. ఎథిక్స్ ఫారంలో "ఇంటర్వెన్షన్ వల్ల హాని" అనే గడి దగ్గర అరగంట కూర్చున్నాను. పాట వల్ల హాని ఏముంటుంది అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. మొన్న ఆ పాట పాడాక అమ్మమ్మ చాలాసేపు ఏడ్చింది. ఆ పాటలో తన జతగా నాటిన వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. అది రాశాను.

మాటలబడి
మంచిపని. ఇంట్లో మొదలుపెట్టారా?

లంకపిల్ల
మొదలుపెట్టాం. మీరు చెప్పినట్టే ఐదు మాటలు రాసుకున్నాం: నీళ్ళు, అన్నం, నొప్పి, లైటు, అమ్మాయ్. ఎడమ చేత్తో మంచం పట్టె మీద తట్లు. పొద్దున అమ్మ, సాయంత్రం నేను. పది రోజులు "నీ... నీ..." దగ్గరే ఉంది. ఇవాళ సాయంత్రం నేను గొంతు ఎత్తకముందే అమ్మమ్మ పట్టె మీద రెండు తట్లు తట్టి, కింద ఒకటి పైన ఒకటి, "కా... ఫీ" అంది.

మా జాబితాలో కాఫీ లేదు. షుగర్ ఉందని పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మానిపించేశాం.

కాకినాడకాజా
ఇచ్చారా లేదా?

వార్డుడాక్టరు
పంచదార లేకుండా ఇవ్వండి. మింగేటప్పుడు దగ్గు రావట్లేదు కదా? రాకపోతే అరకప్పు.

లంకపిల్ల
దగ్గు లేదండి. అమ్మ డికాషన్ వేస్తోంది. అమ్మమ్మ మళ్ళీ తడుతోంది.